మూడు కంప్యూటర్లలో ఒకే విమ్ మూడు రకాలుగా ఎందుకు నడుస్తోంది?

విమ్ అనే టెక్స్ట్ ఎడిటర్ గురించి మీరు రాసిన ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇది. తిరుపతి ఇంట్లో ఉబుంటు డెస్క్‌టాప్ ఉంది, ఆఫీసు ఇచ్చిన విండోస్ ల్యాప్‌టాప్ ఉంది, ఎస్‌ఎస్‌హెచ్ (దూరంలోని కంప్యూటర్‌లో కమాండ్లు నడిపే దారి) ద్వారా చేరే లినక్స్ సర్వర్ ఉంది. మూడింటిలోనూ ఒకే విమ్‌ఆర్‌సీ (విమ్ సెట్టింగుల) ఫైలు పెట్టారు. ఇంట్లో అంతా సవ్యంగానే ఉంది. సర్వర్‌లో మాత్రం రంగులు రావడం లేదు, అక్కడ కాపీ చేసింది ల్యాప్‌టాప్‌లో పేస్ట్ కావడం లేదు. ల్యాప్‌టాప్‌లో రాసిన షెల్ స్క్రిప్ట్ (వరుసగా నడిచే కమాండ్ల ఫైలు) సర్వర్‌లో నడవడం లేదు. ఇండెంట్ (లైను మొదట వదిలే ఖాళీ) 2 అని రాసుకున్నా పైథాన్ ఫైళ్లలో 4 వస్తోంది. ఊళ్ల పేర్లు తెలుగులో ఉన్న ఫైలు తెరిస్తే కర్సర్ ఒకచోట, అక్షరం మరోచోట. ఇవి చాలవన్నట్టు ల్యాప్‌టాప్‌లో విమ్ తెరుచుకోవడానికే చాలా సేపు పడుతోంది. అన్నీ తీసేసి మొదటి నుంచి ఇన్‌స్టాల్ చేయాలా అని అడిగారు.

వద్దు. ఇవి ఆరు వేర్వేరు సమస్యలు, వాటి కారణాలూ వేర్వేరు. ఒకేసారి వచ్చాయి కాబట్టి ఒకే జబ్బులా కనిపిస్తున్నాయి. అన్నీ తీసేసి మళ్లీ పెడితే వీటిలో నాలుగు తిరిగి వస్తాయి, ఎందుకు వచ్చాయో మాత్రం తెలియకుండానే ఉండిపోతుంది.

నా అనుభవం ఒకటి చెబుతాను, ఎందుకంటే మీరు ఇప్పుడున్న చోట నేను చాలా కాలం ఉన్నాను. ఇల్లు తిరుపతిలో, ఉద్యోగం చిత్తూరులో. సుమారు 70 కిలోమీటర్ల బస్సు ప్రయాణం, జేబులో పెన్‌డ్రైవ్, అందులో నా సెట్టింగుల ఫైలు. పొద్దున ఆఫీసులో ఒక లైను మార్చేవాణ్ని, రాత్రి ఇంట్లో ఇంకో లైను. నెల తిరిగేసరికి ఏది కొత్తదో ఏది పాతదో తెలియని రెండు ఫైళ్లు మిగిలాయి. ఒకరోజు పాతదాన్ని కొత్తదానిపై కాపీ చేసి, వారాల తరబడి కుదుర్చుకున్న కీ మ్యాపింగులన్నీ పోగొట్టుకున్నాను. ఆ రోజు పడిన బాధ ఇప్పటికీ గుర్తుంది. రోజుకు ఎనిమిది గంటలు చేతిలో ఉండే పనిముట్టు అది. వడ్రంగి ఉలి పిడి రాత్రికి రాత్రి మారిపోతే ఎలా ఉంటుందో అలా ఉంది.

దాని తర్వాత ఒక అలవాటు చేసుకున్నాను. ఏదైనా తేడాగా కనిపించిన వెంటనే సెట్టింగుల ఫైలు తెరవను. ఈ విలువ నీకు ఎక్కడి నుంచి వచ్చిందని ముందు ఎడిటర్‌నే అడుగుతాను. చెప్పడానికి విమ్ ఎప్పుడూ సిద్ధంగానే ఉంటుంది.

మీ పైథాన్ ఇండెంట్‌తోనే మొదలుపెడదాం, అడగడం ఎలాగో అక్కడ స్పష్టంగా కనిపిస్తుంది. పైథాన్ ఫైలు తెరిచి ‘:వెర్బోస్ సెట్ షిఫ్ట్‌విడ్త్?’ అని కొట్టండి (ఇక్కడ తెలుగులో రాస్తున్న కమాండ్లన్నీ మామూలు ఇంగ్లిష్ అక్షరాల్లోనే టైప్ చేయాలి). విలువ 4 అని చూపి, కింది లైనులో దాన్ని చివరిసారి ఏ ఫైలు పెట్టిందో చెబుతుంది. అది మీ విమ్‌ఆర్‌సీ కాదు, విమ్‌తోపాటు వచ్చే ఎఫ్‌టీప్లగిన్ (ఒక్కో ఫైలు రకానికి వేరు సెట్టింగులు పెట్టే చేర్పులు) ఫోల్డర్‌లోని పైథాన్ ఫైలు. మీ ఫైలును విమ్ ముందే చదివింది, 2 అని నమోదైంది. ఆ తర్వాత ఫైలు రకం పైథాన్ అని గుర్తించగానే ఆ ప్లగిన్ వచ్చి 4 అని మార్చింది. మీరు విమ్‌ఆర్‌సీలో ఎన్నిసార్లు 2 అని రాసినా ఫలితం ఉండదు, చివరి మాట దానిదే. నిజంగా మార్చాలంటే ‘ఆఫ్టర్/ఎఫ్‌టీప్లగిన్/పైథాన్ డాట్ విమ్’ అనే ఫైలు పెట్టి అందులో ‘సెట్‌లోకల్’తో రాయాలి, అది అన్నిటికన్నా చివర చదవబడుతుంది. అయితే నా సలహా 4నే ఉంచమని. పైథాన్ వారి కోడ్ రాత నియమావళి పెప్ 8 చెప్పేది అదే, మీ కోడ్ చదివే మిగతావారు ఎదురుచూసేదీ అదే.

ఏ సెట్టింగ్‌పై అనుమానం ఉందో కూడా తెలియనప్పుడు ‘విమ్ --క్లీన్’ అని తెరవండి. మీ సెట్టింగులు, ప్లగిన్లు ఏవీ లేకుండా తెరుచుకుంటుంది. అప్పుడు సమస్య లేకపోతే తప్పు మీ ఫైళ్లలో ఉన్నట్టు. అప్పుడు కూడా ఉంటే తప్పు టెర్మినల్‌లోనో (కమాండ్లు టైప్ చేసే విండో), ఆ కంప్యూటర్‌లోనో. మీ ఫైళ్లలోనే అని తేలితే సగం లైన్లను కామెంట్ చేసి చూడండి, తప్పున్న సగంలో మళ్లీ సగం. 200 లైన్ల ఫైలైనా ఎనిమిది ప్రయత్నాల్లో దోషి దొరుకుతుంది. ఈమాక్స్ అనే ఎడిటర్ వాడేవారికి ఇదే పని ‘ఈమాక్స్ -క్యూ’ చేస్తుంది. వీఎస్ కోడ్ అనే ఎడిటర్‌లో ఎక్స్‌టెన్షన్లను (చేర్పులను) ఇలా సగం సగంగా ఆపి చూసే కమాండ్ లోపలే ఉంది, ‘స్టార్ట్ ఎక్స్‌టెన్షన్ బైసెక్ట్’ అని కమాండ్ ప్యాలెట్‌లో వెతకండి.

ఇక సర్వర్. అక్కడ రంగులు లేకపోవడానికి మీ ఫైలు కారణం కాకపోవచ్చు. విమ్‌ను బ్రామ్ మూలెనార్ 1991లో మొదట విడుదల చేశారు. చిన్న కంప్యూటర్లలోనూ నడవాలి కాబట్టి, ఏ సౌకర్యాలు ఉండాలో ప్రోగ్రాంను కంపైల్ చేసేటప్పుడే (తయారుచేసేటప్పుడే) ఎంచుకునే వీలు అందులో ఉంది. అందుకే పేరు ఒకటే అయినా ఒక్కో కంప్యూటర్‌లోని విమ్‌లో ఉండే సామాను వేరు. లినక్స్ రకాలైన ఉబుంటు, డెబియన్ సర్వర్లలో కొన్నిసార్లు ఉండేది ‘విమ్ టైనీ’ అనే చిన్న ప్యాకేజీ. దానిలో సింటాక్స్ రంగులు ఉండవు, స్క్రిప్టింగ్ ఉండదు. మీ ఫైలులో ‘ఇఫ్’ నుంచి ‘ఎండిఫ్’ వరకు ఉన్నదంతా అది చదవకుండానే దాటేస్తుంది. ‘లెట్’ ఉన్న లైన్ల దగ్గర ఈ వర్షన్‌లో ఆ కమాండ్ లేదని ఫిర్యాదు చేస్తుంది.

సర్వర్‌లో ‘విమ్ --వర్షన్’ (ఆ పేరు దొరకలేదంటే ‘వీఐ --వర్షన్’) కొట్టి చూడండి. పైన ఏ రకం విమ్ అన్నది ఉంటుంది, కింద సౌకర్యాల పట్టీ ఉంటుంది. పేరు ముందు ప్లస్ ఉంటే ఉన్నట్టు, మైనస్ ఉంటే లేనట్టు. ‘సింటాక్స్’, ‘ఈవాల్’ (స్క్రిప్టింగ్), ‘క్లిప్‌బోర్డ్’ ఈ మూడింటి ముందు ఏముందో చూస్తే మీ సర్వర్ ఫిర్యాదుల్లో రెండు అక్కడే తేలిపోతాయి. ఇన్‌స్టాల్ చేసే అధికారం ఉంటే పూర్తి ‘విమ్’ ప్యాకేజీ పెట్టించండి. లేకపోతే ఆ సర్వర్‌కు పది లైన్ల చిన్న ఫైలు చాలు. ఇంట్లోని నలభై ప్లగిన్లూ అక్కడికి మోయాల్సిన పని లేదు.

విమ్ పూర్తిదే అయినా రంగులు వింతగా ఉంటే ‘ఎకో డాలర్ టర్మ్’ ఏమంటుందో చూడండి, అది టెర్మినల్ రకం పేరు. తర్వాత ‘టర్మ్‌గుయికలర్స్’ అనే రంగుల సెట్టింగ్ ఆపి చూడండి. అంతకంటే అక్కడ తవ్వాల్సింది సాధారణంగా ఉండదు.

కాపీ, పేస్ట్ సంగతి వేరు. క్లిప్‌బోర్డ్ ముందు ప్లస్ ఉన్నా, ఎస్‌ఎస్‌హెచ్‌తో వెళ్లినప్పుడు విమ్ నడిచేది సర్వర్‌లో. దానికి తెలిసిన క్లిప్‌బోర్డ్ సర్వర్‌ది. మీ ముందున్న ల్యాప్‌టాప్ క్లిప్‌బోర్డ్ దానికి కనబడనే కనబడదు. తక్షణ ఉపాయం: షిఫ్ట్ నొక్కి పట్టుకుని మౌస్‌తో సెలెక్ట్ చేయండి. అప్పుడు ఎంపిక విమ్ చేతిలోకి పోకుండా చాలా టెర్మినళ్లలో టెర్మినల్‌కే దక్కుతుంది, మామూలుగా కాపీ అవుతుంది. శాశ్వత ఉపాయం ఓఎస్‌సీ 52 అనే ఎస్కేప్ సీక్వెన్స్ (టెర్మినల్‌కు ఆదేశమిచ్చే అక్షరాల వరుస). సర్వర్‌లోని ప్రోగ్రాం దాని ద్వారా మీ టెర్మినల్‌కు ‘ఇది నీ క్లిప్‌బోర్డ్‌లో పెట్టు’ అని చెప్పగలదు. మీ టెర్మినల్ దాన్ని అంగీకరించాలి. విమ్ నుంచి పుట్టిన నియోవిమ్ అనే ఎడిటర్‌లో, 2024లో వచ్చిన 0.10 నుంచి ఈ సదుపాయం లోపలే ఉంది.

అలవాటు మీద కంట్రోల్ ఎస్ నొక్కగానే సర్వర్ స్క్రీన్ బిగుసుకుపోయిందని కంగారు పడి టెర్మినల్ మూసేసేవారిని చాలామందిని చూశాను. అది పాత టెర్మినళ్ల కాలం నాటి ‘ఆగు’ అనే సంకేతం. కంట్రోల్ క్యూ నొక్కితే మళ్లీ కదులుతుంది. మీకు ఇంకా ఎదురుకాకపోతే ముందే తెలిసి ఉండటం మంచిది.

స్క్రిప్ట్ నడవకపోవడం మీద కొంచెం ఎక్కువసేపు నిలుద్దాం. విండోస్, లినక్స్ రెండూ వాడే ప్రతి ఒక్కరూ ఒకసారైనా దీనిలో పడతారు. సర్వర్ మీకు ‘బ్యాడ్ ఇంటర్‌ప్రెటర్’ అని, పక్కన బ్యాష్ (స్క్రిప్ట్‌ను నడిపే ప్రోగ్రాం) పేరు చివర టోపీ గుర్తు, ఎం అనే అక్షరం చూపి ఉంటుంది. టైపు ఇన్‌స్టిట్యూట్‌కు వెళ్లినవారికి ఇది చెప్పడం తేలిక. టైపు మెషీన్‌లో లైను అయిపోగానే ఒక మీట తోస్తే రెండు పనులు జరిగేవి. క్యారేజీ మొదటికి వచ్చేది, కాగితం ఒక లైను పైకి జరిగేది. కంప్యూటర్లలోనూ ఈ రెండు పనులకు రెండు అక్షరాలు ఉన్నాయి, క్యారేజ్ రిటర్న్ సంఖ్య 13, లైన్ ఫీడ్ సంఖ్య 10. విండోస్ లైను చివర రెండూ రాస్తుంది. లినక్స్ 10 ఒక్కటే రాస్తుంది. మీ స్క్రిప్ట్ మొదటి లైను చివర మిగిలిపోయిన 13ను లినక్స్ బ్యాష్ పేరులో భాగమనుకుంది. ఆ పేరుతో ప్రోగ్రాం లేదు కాబట్టి ఆగిపోయింది.

మీరు ఫైలు తెరిచి చూశాను, ఏమీ తేడా కనిపించలేదన్నారు. కనిపించదు. ఫైలులో కొన్ని లైన్లకే 13 ఉంటే విమ్ వాటి చివర టోపీ గుర్తుతో ఎం చూపిస్తుంది. అన్ని లైన్లకూ ఉంటే ఇది విండోస్ రకం ఫైలని తానే గుర్తించి వాటన్నిటినీ దాచేస్తుంది. పూర్తిగా చెడ్డ ఫైలే చూడటానికి శుభ్రంగా ఉంటుంది. తెరిచినప్పుడు కింద ఫైలు పేరు పక్కన చదరపు కుండలీకరణాల్లో ‘డాస్’ అని వస్తుంది, దాన్ని గమనించాలి. ‘:సెట్ ఫైల్‌ఫార్మాట్=యునిక్స్’ అని సేవ్ చేస్తే సరిపోతుంది.

గిట్ (ఫైళ్ల మార్పుల చరిత్ర దాచే ప్రోగ్రాం) ద్వారా సర్వర్‌కు వెళ్లిన స్క్రిప్టులు నడుస్తున్నాయి, ఎస్‌సీపీ అనే కాపీ కమాండ్‌తో నేరుగా పంపినవే నడవడం లేదని కూడా రాశారు. దాని కారణం ఇదే. విండోస్ గిట్‌లో ‘ఆటోసీఆర్‌ఎల్‌ఎఫ్’ ఆన్‌లో ఉంటే, కమిట్ చేసేటప్పుడు (మార్పును నమోదు చేసేటప్పుడు) 13 తీసేస్తుంది, ఫోల్డర్‌లోకి తెచ్చేటప్పుడు చేరుస్తుంది. కాబట్టి మీ రిపాజిటరీ (గిట్ దాచుకున్న ప్రతి) శుభ్రంగా ఉంది, మీ ఫోల్డర్ శుభ్రంగా లేదు. ప్రాజెక్టులో ‘డాట్ గిట్‌యాట్రిబ్యూట్స్’ ఫైలు పెట్టి షెల్ స్క్రిప్టులకు ‘ఈఓఎల్=ఎల్‌ఎఫ్’ అని రాయండి. ‘డాట్ ఎడిటర్‌కాన్ఫిగ్’ ఫైలు కూడా పెట్టండి. లైను ముగింపు, ట్యాబా స్పేసా, ఇండెంట్ ఎంత అన్నవి అందులో ఉంటాయి, ఎవరు ఏ ఎడిటర్‌లో తెరిచినా అవే వర్తిస్తాయి. నియోవిమ్ 0.9 నుంచి దాన్ని తనంతట తానే చదువుతుంది, వీఎస్ కోడ్‌కు ఎక్స్‌టెన్షన్ కావాలి. మేక్‌ఫైలు (ప్రోగ్రాం తయారీ సూచనల ఫైలు) ఉంటే దానికి మాత్రం ట్యాబే రాయండి. అక్కడ స్పేసులు పడితే ‘మిస్సింగ్ సెపరేటర్’ అని ఆగిపోతుంది.

ఇప్పుడు తెలుగు ఫైలు. నాకు అన్నిటికన్నా ఇష్టమైన విషయం ఇది, మనవాళ్లు తక్కువగా మాట్లాడుకునేదీ ఇదే. టెర్మినల్ అంటే గళ్ల కాగితం. ఒక గడిలో ఒక అక్షరం అన్న లెక్క మీద నిలిచి ఉంది. మన రాత ఆ గళ్లలో ఒదగదు. ‘తిరుపతి’ మన కంటికి నాలుగు అక్షరాలు. యూనికోడ్‌లో అది త, గుడి, ర, కొమ్ము, ప, త, గుడి, అంటే ఏడు సంకేతాలు. వాటిని ఫైలులో దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కోదానికి మూడు బైట్లు, మొత్తం 21 బైట్లు. ఈ పదం ఎన్ని గళ్లు పడుతుందని విమ్ ఒక లెక్క వేస్తుంది, టెర్మినల్ ఇంకో లెక్క వేస్తుంది, ఫాంటు నిజంగా గీసే వెడల్పు మూడోది. ఒత్తులు వచ్చేసరికి తేడా ఇంకా పెరుగుతుంది. కర్సర్ పక్కకు జరిగినట్టు కనిపించేది అందుకే. మీ ఫైలుకు ఏమీ కాలేదు, మీ విమ్‌ఆర్‌సీలో మార్చాల్సిందీ ఏమీ లేదు. తెలుగు ఎక్కువగా ఉన్న ఫైళ్లను విండోలో నడిచే ఎడిటర్‌లో తెరవండి. వీఎస్ కోడ్ గానీ, హార్ఫ్‌బజ్‌తో (అక్షరాలను కలిపి అమర్చే లైబ్రరీ) నడిచే కొత్త ఈమాక్స్ గానీ ఒత్తులను సరిగా గీస్తాయి. సర్వర్‌లోని ఫైలైతే వీఎస్ కోడ్ రిమోట్ ఎస్‌ఎస్‌హెచ్‌తో అక్కడి నుంచే తెరవచ్చు.

అయితే తెలుగు ఫైళ్లలోని నిజమైన తప్పులను పట్టుకోవడానికి నేను తిరిగి విమ్ దగ్గరికే వెళ్తాను. ఒకసారి ఊళ్లు, స్టేషన్ల పట్టికలో ‘రేణిగుంట జంక్షన్’ అని వెతికితే దొరకలేదు. కంటికి ఎదురుగా ఉంది, కంప్యూటర్ లేదంటోంది. విమ్‌లో తెరవగానే పదం చివర కోణపు గుర్తుల మధ్య 200సీ అని కనిపించింది. అది జీరో విడ్త్ నాన్ జాయినర్, అంటే అక్షరాలను కలవనివ్వని, కంటికి కనిపించని సంకేతం. ‘సాఫ్ట్‌వేర్’లో ట్, వ కలిసి ఒత్తుగా మారకుండా మధ్యలో పెట్టేది అదే. కొన్ని కీబోర్డులతో టైప్ చేసినప్పుడు పొల్లు ఉన్న పదం చివర కూడా అది మిగిలిపోతుంది. ‘జంక్షన్’ ఏడు సంకేతాలు, ఇది చేరితే ఎనిమిది, కంటికి మాత్రం రెండూ ఒకటే. అనుమానం వచ్చిన అక్షరం మీద కర్సర్ పెట్టి ‘జీఏ’ నొక్కితే విమ్ దాని సంఖ్య చెబుతుంది, ‘జీ8’ నొక్కితే బైట్లు చూపుతుంది. ఐత్వం దగ్గర కూడా ఇలాంటిదే ఉంది. దాన్ని ఒకే సంకేతంగా రాయవచ్చు, ఎత్వం, కింది గుర్తు అని రెండుగానూ రాయవచ్చు. యూనికోడ్ ప్రకారం రెండూ సమానమే, కానీ బైట్లను పోల్చే ప్రోగ్రాంకు వేరు. పోల్చే ముందు ఎన్‌ఎఫ్‌సీ (అలాంటి రెండు సంకేతాలను ఒకటిగా కలిపే) రూపంలోకి మార్చి, పదం చివరి 200సీలను తీసేయండి.

తెలుగు టైప్ చేసి ఎస్కేప్ నొక్కాక విమ్ కమాండ్లు పనిచేయకపోతే కారణం సిస్టమ్ కీబోర్డ్ ఇంకా తెలుగులోనే ఉండటం. విమ్‌లోని ‘కీమ్యాప్’ ఎంపికతో ఆ మార్పిడిని ఎడిటర్‌కే అప్పగిస్తే, తెలుగు ఇన్సర్ట్ మోడ్‌కే (పాఠం టైప్ చేసే స్థితికే) పరిమితమవుతుంది. ఈమాక్స్‌లో ‘తెలుగు-ఇన్‌స్క్రిప్ట్’ పద్ధతి ముందే ఉంది, కంట్రోల్ బ్యాక్‌స్లాష్‌తో మారుతుంది.

ఇక ఒకే సెట్టింగులను మూడు చోట్లా ఉంచడం. పెన్‌డ్రైవ్ వద్దు, మెయిల్‌లో పంపుకోవడమూ వద్దు, గిట్ వాడండి. గిట్ ఫోల్డర్‌లోని ఫైలును విమ్ వెతికే చోట చూపడానికి చాలామంది సింబాలిక్ లింకులు వాడతారు, కానీ విండోస్‌లో వాటికి అడ్మిన్ అనుమతి గానీ డెవలపర్ మోడ్ గానీ కావాలి, ఆఫీసు ల్యాప్‌టాప్‌లో అవి దొరకకపోవచ్చు. లింకులే అవసరం లేని దారి ఒకటుంది. విమ్ 7.4 నుంచి లినక్స్‌లో ‘డాట్ విమ్’ ఫోల్డర్ లోపలి ‘విమ్‌ఆర్‌సీ’ని కూడా చదువుతుంది, విండోస్‌లో ‘విమ్‌ఫైల్స్’ ఫోల్డర్ లోపలిదాన్ని చదువుతుంది. ఒకే రిపాజిటరీని లినక్స్‌లో మొదటి పేరుతో, విండోస్‌లో రెండో పేరుతో క్లోన్ (కాపీ) చేయండి. హోం ఫోల్డర్‌లో పాత విమ్‌ఆర్‌సీ ఉంటే మాత్రం తీసేయాలి, ఉంటే విమ్ దాన్నే చదివి ఆగిపోతుంది.

ఆ ఉమ్మడి ఫైలులో మీ చేతి అలవాట్లే ఉంచండి: కీ మ్యాపింగులు, ఇండెంట్, వెతికే పద్ధతి. ఫాంటు, షెల్, ప్రోగ్రాముల దారులు ఆ కంప్యూటర్‌వి. వాటికి గిట్‌లో చేరని ‘లోకల్’ ఫైలు ఒకటి పెట్టి, ఉమ్మడి ఫైలు చివర ‘అది ఉంటే చదువు’ అని ఒక ‘ఇఫ్’ రాయండి.  లాంగ్వేజ్ సర్వర్లు (ఎడిటర్‌కు కోడ్‌లోని తప్పులు, సూచనలు అందించే ప్రోగ్రాములు) కూడా కంప్యూటర్‌వే. సెట్టింగ్ గిట్‌లో వచ్చినా ప్రోగ్రాం రాదు, ప్రతి కంప్యూటర్‌లో విడిగా ఇన్‌స్టాల్ చేయాలి. పాస్‌వర్డులు, టోకెన్లు ఆ రిపాజిటరీలోకి ఎప్పుడూ రానివ్వకండి. పొరపాటున ఒకసారి కమిట్ అయితే తర్వాత తీసేసినా చరిత్రలో ఉంటుంది, వెంటనే ఆ టోకెన్‌ను రద్దు చేయించండి.

మీరు అడగకపోయినా ఇంకొకటి చెప్పాలి. వేసవిలో ఇంట్లో కరెంటు పోయి సర్వర్ కనెక్షన్ తెగితే, తిరిగి తెరిచినప్పుడు ‘ఈ325’ అని స్వాప్ ఫైలు (సేవ్ కాని పనిని దాచే తాత్కాలిక ఫైలు) హెచ్చరిక వస్తుంది. తొందరపడి డిలీట్ నొక్కకండి, నేను అలా నొక్కి ఒక మధ్యాహ్నం పనంతా పోగొట్టుకున్నాను. ఆ హెచ్చరికలో కంప్యూటర్ పేరు, ప్రాసెస్ సంఖ్య ఉంటాయి. ఆ ప్రాసెస్ ఇంకా నడుస్తోందంటే ఫైలు మరోచోట తెరిచే ఉంది, అక్కడికే వెళ్లండి. లేకపోతే ‘రికవర్’ ఎంచుకుని, వచ్చినదాన్ని వేరే పేరుతో సేవ్ చేసి, పాతదానితో పోల్చి చూసుకున్నాకే స్వాప్ ఫైలు తీసేయండి. సర్వర్‌లో ఎప్పుడూ టీమక్స్ అనే ప్రోగ్రాం లోపల పనిచేస్తే కనెక్షన్ తెగినా విమ్ అక్కడే ఉంటుంది.

మిగిలింది ల్యాప్‌టాప్‌లో ఆలస్యం. ‘విమ్ --స్టార్టప్‌టైమ్’ అని రాసి పక్కన ఒక ఫైలు పేరు ఇవ్వండి. ఏ ఫైలు చదవడానికి ఎన్ని మిల్లీసెకన్లు పట్టిందో అందులో వరుసగా ఉంటుంది. హోం ఫోల్డర్ నెట్‌వర్క్ డ్రైవ్‌లో ఉందా, ప్రతి చిన్న ఫైలునూ యాంటీవైరస్ తనిఖీ చేస్తోందా అన్నవి ముందు చూడండి. రెండూ కాకపోతే ఆ ఫైలులోని పెద్ద సంఖ్యలున్న పది లైన్లు, ‘విమ్ --వర్షన్’ మొదటి నాలుగు లైన్లు పంపండి. ఆఫీసు సర్వర్ల పేర్లు, యూజర్ పేర్లు ఉంటే చెరిపేసి పంపండి.